రోలర్ గదిలో కబుర్లు

మా అత్తయ్యని తెలిసినవాళ్ళంతా మైకక్క అంటారు. ఎవరో పెట్టిన పేరు కాదు, గొంతు తెచ్చిపెట్టిన పేరు. ఆవిడ వంటింట్లో నిలబడి నన్ను ఉప్పు డబ్బా అడిగితే, ఎదురింటావిడ తన ఉప్పు డబ్బా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేసిన రోజులున్నాయి. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నెల తిరక్కుండానే మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను, పొద్దున లేచింది మొదలు ఈవిడ నా మీద అరుస్తూనే ఉంటుందని. "ఏమని అరుస్తోందే?" అని అమ్మ అడిగింది. గుర్తు తెచ్చుకుని చెప్పాను: స్వెటర్ వేసుకో అని, కాసేపు నడుం వాల్చు అని, ఆ గిన్నెలు వదిలెయ్ నేను కడుగుతాను అని. అమ్మ అంతా వింది. తర్వాత "నోరు మూసుకుని ఆ ఇంట్లోనే ఉండు" అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ రిటైరై ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు. ఉంటున్నారన్న మాటే గానీ నాకు ఆదివారం అనేది లేకుండా పోయింది. తెల్లారేసరికి ఎవరో ఒకరు దిగుతారు. ఒక వారం బస్సు గ్యారేజీ మెకానిక్కులు. ఆ గ్రీజు మరకలతో నా సోఫా కవరు గతేమిటో ఎవరికీ పట్టదు. ఇంకో వారం ఆసుపత్రి వార్డుల్లో పనిచేసేవాళ్ళు. యాజమాన్యంతో చర్చలకి వెళ్ళే ముందు అందరూ మా హాల్లో రిహార్సల్ వేసుకుని వెళ్ళాలి, అదీ పద్ధతి. సోఫా కంపెనీది, ప్లాస్టిక్ కుర్చీలు యూనియన్‌వి. అత్తయ్య సోఫాలో కాలుమీద కాలేసుకుని మేనేజరైపోతారు. ఆ వేషం కట్టారంటే ఇంక దయాదాక్షిణ్యాలుండవు. గ్యారేజీ నుంచి వచ్చిన ఆరడుగుల మనిషి ఒకడు ఆవిడ ఎదురుగా కూర్చుని నాలుగు మాటలాడేసరికి కళ్ళనీళ్ళు పెట్టేసుకున్నాడు. వెంటనే వేషం వదిలేసి, "ఏడవకు నాయనా, అసలువాడు నాకంటే మెత్తగానే ఉంటాడులే" అని వాడి వీపు నిమిరారు.

"అడగాల్సింది అడిగేశాక నోరు కుట్టేసుకోండి" అని అందరికీ నేర్పుతారు. "మీరు అడిగాక గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దానికి భయపడి మళ్ళీ మీరే నోరు విప్పారో, మీ డిమాండు మీరే తగ్గించేసుకుంటారు. వాళ్ళని మాట్లాడనివ్వండి." మౌనం గురించి ఈ పాఠం వీధి చివరిదాకా వినపడుతుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పాఠం పనికొచ్చింది. గ్యారేజీ వాళ్ళు బస్సు కింద దిగి పనిచేసే గుంతలో నీళ్ళు నిలవకుండా పంపు పెట్టించుకున్నారు. వార్డుల వాళ్ళు తమ సెలవులు ముందుగానే తెలిసేలా రాయించుకున్నారు. మా బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ బెల్టు దగ్గర నిలబడి నిలబడి మా ఆడవాళ్ళ కాళ్ళు వాచిపోయేవి, ఇప్పుడు ఎత్తు స్టూళ్ళు వచ్చాయి. ఆ చర్చల్లో మా తరఫున కూర్చున్నది నేనే. దాని గురించి నేనే డప్పు కొట్టుకుంటే బాగుండదు కాబట్టి ఊరుకుంటున్నాను.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావక్కా అని ఎవరడిగినా ఆవిడ చెప్పేది ఒకటే: "మా పొడుగక్క చెవుల పుణ్యం." ఆ కథ మా ఇంటికొచ్చే వాళ్ళలో వినని వాళ్ళు లేరు. అయినా ఆవిడ తన తప్పు దగ్గరికొచ్చేసరికి దాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నేనైతే పూర్తిగా చెబుతాను.

అత్తయ్య పనిచేసింది లాండ్రీ ఫ్యాక్టరీలో. ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు వ్యాన్లకి వ్యాన్లు వచ్చి పడే చోటు అది. పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ఉతికి, పిండి, ట్రాలీల్లో రోలర్ గదికి తోస్తారు. రోలర్ అంటే గది పొడుగునా పడుకోబెట్టిన ఇనుప గొట్టం, లోపల ఆవిరితో సలసలా కాగుతూ తిరుగుతూ ఉంటుంది. ఇటువైపు ఇద్దరు తడి దుప్పటి అందిస్తే, అటువైపు ఆరిపోయి, ముడత లేకుండా వస్తుంది. అక్కడ ఇంకో ఇద్దరు అందుకుని మడత పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు అత్తయ్య, ఇంకొకరు పొడుగక్క. ఈవిడేమో నా భుజం దాకా వస్తారు, ఆవిడేమో ప్రతి గుమ్మం దగ్గరా తల వంచుకోవాలి. దుప్పటి మూలలు కలవాలంటే ఒకరు చేతులెత్తాలి, ఒకరు వంగాలి. "నా భుజాలూ దాని నడుమూ అక్కడే అరిగిపోయాయి" అంటారు అత్తయ్య.

ఆ గదిలో రొద అంతా ఇంతా కాదు. పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళకి వాళ్ళదైన భాష ఒకటి పుట్టింది. గొంతు వాడరు. పెదాలు బాగా కదిపి, ఒక్కో మాటా మొహం మీద కనపడేలా మాట్లాడతారు. చేతులు ఖాళీగా ఉంటే అవీ సాయం చేస్తాయి. ముక్కు పట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని, మోచెయ్యి తడితే టీ వేళయిందని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు బిక్కమొహం వేసుకుని తిరిగి, ఆ తర్వాత వద్దన్నా ఆపకుండా వాగుతారు.

అంత రొద ఊరికే పోతుందా, చెవుల్ని తినేసింది. అత్తయ్యవి సగం పోయాయి, పొడుగక్కవి దాదాపు పూర్తిగా. తనకి సరిగా వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదని అత్తయ్యకి ఎక్కడో మనసులో నాటుకుపోయింది, అందుకే ఆ మైకు. పొడుగక్కది దీనికి తలకిందులు. గొంతు ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో తెలియక, వాడటమే మానేశారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మూల కుర్చీలో ఒద్దికగా కూర్చునేవారు, ఏదైనా చేతికిస్తే నవ్వేవారు, అంతే. పెదాల భాష బయట వాడటానికి ఆవిడకి సిగ్గు. ఎప్పుడో వాళ్ళ మరదలు, అంటే తమ్ముడి భార్య, చుట్టాల ముందు ఆ పెదాల కదలికని అనుకరించి చూపించిందట, నవ్వులాటకే. అప్పట్నుంచి ఆ భాషని ఆవిడ రోలర్ గది గుమ్మం దాటించలేదు. నాకివన్నీ అప్పట్లో తెలియవు. ఇంత ముక్తసరి మనిషి మా అత్తయ్యకి ఎలా జత కుదిరిందా అని విడ్డూరపోయేదాన్ని.

అలా ఉండగా ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే కడుపారా తిట్టుకోవడానికైనా బాగుండేది. వచ్చీ రాగానే అందరికీ చెవుల పరీక్ష పెట్టించాడు. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చప్పుడు వినపడగానే బటన్ నొక్కమంటారు. పొడుగక్క బటన్ మీద వేలు పెట్టుకుని, ఇంకా మొదలుపెట్టలేదు కాబోలని డాక్టరు మొహం చూస్తూ కూర్చున్నారట. పరీక్ష అప్పటికే అయిపోయింది.

తర్వాత ఆవిడ చేతికి నోటీసు వచ్చింది. అలారం గంట వినలేని మనిషిని యంత్రం దగ్గర ఉంచడం ప్రమాదమనీ, నెలాఖరుకి ఇవ్వాల్సిందంతా ఇచ్చి పంపేస్తామనీ. ఆ సాయంత్రం అత్తయ్య ఆవిణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు.

"నువ్వేం బెంగపెట్టుకోకు. రావాల్సిందంతా వాళ్ళ ముక్కు పిండి ఇప్పిస్తా" అన్నారు అత్తయ్య.

పొడుగక్క తల అడ్డంగా ఊపారు. అప్పుడు, మా ఇంట్లో మొట్టమొదటిసారి, గొంతు విప్పారు. చాలా నెమ్మదిగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంది ఆ గొంతు. "డబ్బు కాదు. ఆ గదిలోంచి పంపేస్తే నాతో మాట్లాడేవాళ్ళెవరు?"

ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉంటారు. తమ్ముడు మంచివాడే, మరదలూ చెడ్డదేం కాదు. కానీ చెవుడున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే రెండోసారి చెప్పాలి కదా, ఆ రెండోసారికి ఎవరికైనా విసుగొస్తుంది. భోజనాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతారు. ఏమిటి ఏమిటి అని ఈవిడ అడుగుతారు. "ఏంలేదులే" అంటారు. ఇంటికెళ్ళాక రోజూ ఆవిడతో వాళ్ళనే మాట అదొక్కటే. ఈ సంగతి అత్తయ్య నాకు చెబుతుంటే నేను స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. మా ఇంట్లో ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకోవడానికి ఆ చోటొక్కటే ఉంది.

యూనియన్ అప్పటికే ఉంది, గేటు పక్కన తుప్పుపట్టిన బోర్డు రూపంలో. అత్తయ్య దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగారు. వ్యాన్ డ్రైవర్లకి వాళ్ళ గోల వాళ్ళకుంది, మూటలెక్కించడానికి ఇంకో మనిషి కావాలని. డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్ళకి మోచేతులదాకా వచ్చే గ్లవ్స్ కావాలి, సోడాకి చర్మం ఊడిపోతోంది. వాళ్ళ డిమాండ్లతో పాటు పొడుగక్క డిమాండు కూడా పెట్టాలన్నారు ఈవిడ.

"ఆవిడ చెవులకీ మా మూటలకీ సంబంధం ఏంటక్కా?" అన్నాడు వ్యాన్ డ్రైవరు. మనిషి మంచివాడే, కాస్త నోటి దురుసు.

"నువ్వు వ్యాను వెనక్కి తీసేటప్పుడు రా రా అని చెయ్యూపేదెవర్రా?"

"పొడుగక్కే."

"ఎప్పుడైనా గోడకి గుద్దించిందా?"

"లేదు."

"మరి ఆవిడ కళ్ళు నీకు పనికొచ్చినప్పుడు, ఆవిడ చెవులు నీకు పట్టవా? ఈ ఏడు చెవులన్నారు. వచ్చే ఏడు కళ్ళంటారు, ఆపైన నడుమంటారు. నీ నడుం ఎలా ఉంది తమ్ముడూ?"

డ్రైవరు తెలియకుండానే నడుం మీద చెయ్యి వేసుకున్నాడట. అక్కడితో ఒప్పేసుకున్నాడు. డ్రమ్ముల మేస్త్రి కూడా సరేనన్నాడు. ఆయన పెద్దమనిషి తరహా, తక్కువ మాట్లాడతాడు, పెదవులు కనపడనంత మీసం. అలా నలుగురూ కమిటీ అయ్యారు: అత్తయ్య, పొడుగక్క, డ్రైవరు, మేస్త్రి.

మొదటి చర్చ మేనేజరు గదిలో. నేల మీద తివాసీ, కిటికీలకి తెరలు, గడియారం కొట్టుకోవడం వినపడేంత నిశ్శబ్దం. జన్మంతా రొదలో బతికిన మనుషులకి అలాంటి గది ఎంత ప్రమాదమో ఎవరూ ఆలోచించలేదు. మేనేజరు గ్లవ్స్‌కి సరేనన్నాడు, ఇంకో మనిషికీ సరేనన్నాడు, పొడుగక్క విషయం దగ్గర మాత్రం కుదరదన్నాడు. అప్పుడు మా అత్తయ్య డ్రైవరు చెవి దగ్గరికి వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పరమ రహస్యంగా, "తమ్ముడూ, గట్టిగా బిగించి కూర్చో. మరీ మొండికేస్తే ఆర్నెల్ల గడువుకి దిగుదాం గానీ అంతకంటే తగ్గేది లేదు" అన్నారు.

బయట వరండాలో ప్యూను చేతిలో టీ కప్పులు గలగలమన్నాయని డ్రైవరు ఇప్పటికీ చెబుతాడు. మేనేజరు మర్యాదస్తుడు, నవ్వలేదు కూడా. "సరేనమ్మా, ఆర్నెల్ల గడువు మాకు సమ్మతమే" అన్నాడు.

అంతటితో పోయిందా? చెయ్యి అడ్డం పెట్టుకున్నది మేనేజరు వైపు. డ్రైవరు అవతల కూర్చున్న పొడుగక్కకి ఆ పెదాలు నిక్షేపంగా కనపడ్డాయి. తన జత తనని ఆర్నెల్లకి బేరం పెట్టేసిందని ఆవిడకి అక్కడే, ఆ తివాసీ మీదే తెలిసింది.

ఆ రోజు అత్తయ్య ఇంటికొచ్చి చెప్పులు విప్పి, మంచం మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. టీ ఇస్తే తీసుకున్నారు, తాగలేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఎదురింటావిడ కంగారుగా వచ్చి, "మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి వెళ్ళింది. నాకు భయమేసింది, ఆ భయానికి కోపమొచ్చింది.

"సంతకం పెట్టారా?" అని అడిగాను.

"లేదు."

"మరింకేం! నోరు జారితే ఒప్పందమైపోతుందా? మా ఫ్యాక్టరీలో అయితే రోజుకి వంద ఒప్పందాలయ్యేవి."

"అది కాదే. అది నా పెదాలు చదివేసింది" అన్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడటం అప్పుడే విన్నాను. ఆ గొంతు నాకు నచ్చలేదు. నాకు నా మైకే కావాలనిపించింది.

మర్నాడు రోలర్ దగ్గర దుప్పటి వచ్చింది, ఇద్దరూ అందుకున్నారు, మడతపెట్టారు. పొడుగక్క తల దించుకునే ఉన్నారు. ఆ గదిలో మొహం చూడకపోవడం అంటే మాట్లాడకపోవడమే. ఇంకో దుప్పటి, ఇంకో దుప్పటి. చివరికి అత్తయ్య ఒక దుప్పటి అంచు పట్టుకుని వదల్లేదు. పొడుగక్క లాగారు, ఈవిడ వదల్లేదు. వెనక దుప్పట్లు పేరుకుపోతున్నాయి. అందిస్తున్న ఇద్దరూ చేతులు ఊపేస్తున్నారు. అప్పటికి తలెత్తి చూశారు పొడుగక్క. "బుద్ధి గడ్డి తిన్నదే. నిన్నడక్కుండా ఇంకెప్పుడూ ఏ మాటా అనను" అన్నారు అత్తయ్య, పెదాలతో. ఆవిడ చాలాసేపు చూసి, "ముందు దుప్పటి వదులు" అన్నారట.

రహస్యం చెప్పడం ఈవిడకి నేర్పుదామని నేను ఇంట్లో కొంత ప్రయత్నం చేశాను. మా ఆయన్ని పక్కగదిలో కూర్చోబెట్టి, ఈవిణ్ణి గుసగుసలాడమన్నాను. "వినపడిందా?" అని కేకేస్తే, "నాకే కాదు, కిందింటి వాళ్ళూ తలుపు తీశారు" అన్నాడాయన. లాభం లేదని తేలిపోయింది. ఒళ్ళు మండి, "అసలు ఆ రోలర్ గదిలో మీరంతా రహస్యాలు ఎలా చెప్పుకుంటారండీ?" అన్నాను. అత్తయ్య నా మొహం చూశారు. నేను ఆవిడ మొహం చూశాను. చెప్పులేసుకుని బయల్దేరారు.

చర్చల గదిలో ఇక నుంచి గొంతుతో మాట్లాడేది మేనేజరుతో మాత్రమే, తమలో తాము మాట్లాడుకునేది పెదాలతోనే అని తీర్మానించారు. పొడుగక్కకి తెలియకుండా ఏ మాటా దొర్లదు కూడా. ఆవిడకి గది బయట ఆ భాష వాడటం సిగ్గే. కానీ మగవాళ్ళిద్దరికీ నేర్పాలి కదా. టీ వేళ వ్యాన్ల పక్కన నిలబెట్టి మొదలుపెట్టారు. డ్రైవరు వ్యాను అద్దంలో చూసుకుంటూ సాధన చేసేవాడు, సిగ్నల్ దగ్గర పక్క బండ్లవాళ్ళు వీడికేమైందోనని చూసేవారు. అసలు చిక్కు మేస్త్రితో వచ్చింది. ఎంత పాటుపడ్డా ఆయన అనేది ఒక్క ముక్క ఎవరికీ అర్థం కావడం లేదు.

"పెదాలేవీ?" అన్నారు పొడుగక్క. "గుబురు కనపడుతోందంతే."

ఆ మీసం ఆయన పెళ్ళికి ముందునుంచీ ఉన్నది. రోజూ దువ్వుకుంటాడు. భార్య అడిగినా కత్తిరించలేదట. అత్తయ్య కూడా ఆ మాట అడగడానికి నోరు రాక ఊరుకున్నారు. మర్నాడు పొద్దున ఆయన డ్రమ్ముల దగ్గరికి నున్నగా గీయించుకుని వచ్చాడు. అంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, సరాసరి పొడుగక్క ముందుకెళ్ళి నిలబడి, పెదాలతో, "ఇప్పుడు?" అన్నాడు. ఇది చెప్పేటప్పుడు అత్తయ్య ఇప్పటికీ తన పై పెదవి తడుముకుంటారు. నాకైతే ఆ మనిషిని ఎక్కడ చూసినా లేచి నిలబడాలనిపిస్తుంది.

ఈలోగా పని ఆపాలన్న మాట వచ్చింది. "ఆసుపత్రి దుప్పటి ఒక్కటి కూడా ఆగడానికి వీల్లేదు. రోగుల పక్కల మీద బేరాలాడం" అన్నారు అత్తయ్య. హోటళ్ళవి మాత్రం ఆపారు. కంపెనీ వాటిని ఇంకో చోట ఉతికించవచ్చు కదా. అందుకని అత్తయ్య ఒక్కో హోటలు వెనక గుమ్మం దగ్గరా నిలబడి, గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళు బయటికొచ్చే వేళకి విషయం చెప్పారు. ఆవిడ చెప్పడమంటే తెలుసుగా, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళూ దిగొచ్చారు. అంతా విని వాళ్ళలో ఒకావిడ, "మీకు చెవులు, మాకు మోకాళ్ళు. ఏ పనైనా ఏదో ఒకటి తినేస్తుందక్కా" అంది. బయటినుంచి వచ్చిన దుప్పట్లు పరవం, మా లాండ్రీవైతేనే పరుస్తాం అని వాళ్ళు మేనేజర్ల మొహం మీదే చెప్పేశారు. హోటళ్ళ వాళ్ళు లాండ్రీకి ఫోన్ల మీద ఫోన్లు.

మేనేజరు మళ్ళీ పిలిచాడు. ఈసారి చాలా మెత్తగా మాట్లాడాడు. గ్లవ్స్, ఇంకో మనిషి, కొత్తగా చేరేవాళ్ళందరి చెవులకి రక్షణ, అన్నీ సరే. పొడుగక్కని పంపేయడం కూడా లేదు. స్టోర్ రూములో పని ఇస్తాడు. మూటలకి చీటీలు కట్టడం. జీతం తగ్గదు, కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు, వేడి లేదు, రొద లేదు.

మీరైనా ఒప్పుకునేవారు. నేను ఒప్పుకునేదాన్ని. అక్కడా అదే జరగబోయింది. గదిలో చప్పుడు లేదు, నాలుగు మొహాలు మాత్రం కదులుతున్నాయి.

"జీతం అదేనట" అన్నాడు డ్రైవరు, పెదాలతో.

"వేడి కూడా ఉండదు" అన్నాడు మేస్త్రి.

"బాగానే ఉంది కదే?" అన్నారు అత్తయ్య.

ముగ్గురూ పొడుగక్క వైపు తిరిగారు. ఆవిడ ఒక్కొక్కరి మొహమూ చూశారు. వీళ్ళందరికీ మంచే జరుగుతోంది, తను తలూపితే అయిపోతుంది. ఊపడానికి ఆవిడ సిద్ధంగానే ఉన్నారట, తర్వాత చెప్పారు. కానీ పెదాలు వేరే మాటన్నాయి: "స్టోర్ రూములో ఇంకా ఎవరుంటారు?"

ఎవరూ ఉండరు. మూటలుంటాయి.

అత్తయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు మా ఇంట్లో ఆవిడ అడిగిందేమిటి, ఇప్పుడు తను సంబరపడుతున్నదేమిటి? మేనేజరు వైపు తిరిగి, "ఒప్పుకోం" అన్నారు.

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "జీతం తగ్గదు, కష్టం లేదు. ఇంకేం కావాలమ్మా ఆవిడకి?"

జవాబు చెప్పింది మేస్త్రి. పైకే చెప్పాడు. "ఆవిడకి కబుర్లు కావాలండీ."

మేనేజరు నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. అప్పుడు అత్తయ్య అంతా చెప్పారు, ఇంటి సంగతి, గది సంగతి. గొంతు తగ్గించాలన్న ప్రయత్నమే చెయ్యలేదు. "రోలర్ నడిచేటప్పుడు మీ అలారం మాలో ఎవ్వరికీ వినపడదు. ఒకరు చూసి చెయ్యెత్తితే, పక్కవాళ్ళు చూసి చెయ్యెత్తుతారు. అందరికంటే ముందు చూసేది ఆవిడే. ఆవిణ్ణి ఆవిడ చోటులోనే ఉంచండి." అంతే, ఆపేశారు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఆపేశారు, అదే నిజం. ఇప్పుడు అందరికీ పాఠంలా చెబుతారు గానీ, ఆ రోజు ఆవిడకి ఏడుపొస్తోంది, నోరు తెరిస్తే బయటపడుతుందని మూసుకున్నారు.

గడియారం కొట్టుకుంటూనే ఉంది. నలుగురూ ఆయన్నే చూస్తున్నారు. మేనేజరు కలం తిప్పాడు, కింద పెట్టాడు, మళ్ళీ తీసి తిప్పాడు. "గంట బదులు దీపం పెడితే?" అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఎర్ర దీపం, పెద్దది. ఎటునుంచి చూసినా కనపడేట్టు."

పొడుగక్క ఆ మాట ఆయన పెదాల మీద చదివి, అందరికంటే ముందు తలూపారు. రోలర్ గదిలో చెవులు పోయినవాళ్ళని ఆ కారణంతో రోలర్ గదిలోంచి కదపకూడదని రాసుకున్నారు. తర్వాత గ్యారేజీ వాళ్ళూ, మా బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషన్ల దగ్గర మేమూ ఆ మాటల్నే మా ఒప్పందాల్లో పెట్టించుకున్నాం.

దీపం బిగించిన రోజు ఇళ్ళవాళ్ళని కూడా రానిచ్చారు. అత్తయ్య నన్ను లాక్కెళ్ళారు. ఇన్నేళ్ళూ వినడమే గానీ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. తలుపు తీయగానే రొద మొహం మీద కొట్టింది, ఆవిరికి ఊపిరాడలేదు. రోలర్ తిరుగుతోంది, దుప్పట్లు వస్తున్నాయి, పైన ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరింది, అందరూ చేతులెత్తి సంబరం చేశారు. అప్పుడు చూశాను పొడుగక్కని.

మా ఇంట్లో మూల కుర్చీలో కూర్చునే మనిషి కాదు. మొహం నిండా మాటలే. దుప్పటి అందుకుంటూ ఒక మాట, మడిచేటప్పుడు ఇంకో మాట, కనుబొమలు ఎగరేసి, బుగ్గలు పూరించి, మేనేజరు నడక, డ్రైవరు స్టీరింగు, అన్నీ దించేస్తున్నారు. ఆ కథ ఏమిటో గానీ, అటువైపు అందిస్తున్న ఇద్దరూ నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. మా అత్తయ్య, లోకమంతటికీ మైకక్క, ఆ గదిలో దుప్పటి రెండో అంచు పట్టుకుని వింటున్నారు. మధ్యలో మాట అందుకోబోతే పొడుగక్క చేత్తో ఆపేశారు, ఉండవే నన్ను పూర్తి చెయ్యనీ అన్నట్టు. నోరు మూసుకుని తలూపారు అత్తయ్య.

అంతలో పొడుగక్క నన్ను చూసి ఏదో అన్నారు. గదిలో ప్రతి ఒక్కరూ నా వైపు తిరిగి పగలబడి నవ్వారు. అత్తయ్య అయితే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏమిటి, ఏమన్నారు, అని నేను అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఒక్కొక్కరి మొహమూ చూస్తూ, ఏమిటీ ఏమిటీ అని అడుగుతూ, ఏమీ అర్థంకాక, ఊరికే నవ్వుతూ నిలబడ్డాను. ఆ గదిలో చెవిటిదాన్ని నేనొక్కదాన్నే.

పొడుగక్క దుప్పటి వదిలేసి నా దగ్గరికొచ్చారు. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నారు. మళ్ళీ చెప్పారు, నెమ్మదిగా. నాకు తెలియలేదు. ఇంకోసారి చెప్పారు, ఇంకా నెమ్మదిగా. వెనక దుప్పట్లు పేరుకుపోతున్నాయి, అత్తయ్య ఒంటరిగా చేతులెత్తి అందుకోలేక అవస్థ పడుతున్నారు. అయినా పొడుగక్కకి విసుగు రాలేదు. "నా కోడలు పిల్ల మీసం పెంచినా దాని పెదాలు చదివేస్తానని మీ అత్త కోతలు కోస్తోంది" అంటున్నారు. అది అర్థమయ్యేదాకా నన్ను వదల్లేదు. అర్థమై నేను నవ్వేసరికి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకో మాటన్నారు, అది మాత్రం మొదటిసారికే తెలిసింది.

"మళ్ళీ రా. కబుర్లు చెప్పుకుందాం."